చొక్కాలతో చదివిన చదువు

లాండ్రీ కోడలికి జ్ఞాపకశక్తి లేదని ఎవరన్నా అంటే వాళ్ళ నోట్లో సబ్బు పెట్టాలి. ఏ లుంగీకి ఎక్కడ చిరుగుందో కళ్ళు మూసుకుని చెప్పేస్తుంది. అలంకారాల పుస్తకం తెరిచిందంటే మాత్రం ఒక్క ముక్క బుర్రకెక్కదు.

పక్కవీధి బడి గ్రంథాలయంలో సహాయకురాలి ఉద్యోగానికి ఇప్పటికి రెండుసార్లు వెళ్ళొచ్చింది. రాతపరీక్ష ఎలాగో గట్టెక్కుతుంది. ఇంటర్వ్యూలో ముగ్గురు పెద్దమనుషుల్ని చూడగానే నోరు పడిపోతుంది. ఈ ఏడాదితో వయసు దాటిపోతోంది. ఇక జన్మంతా ఇదే వెనకగది, ఇవే సబ్బునీళ్ళు, ఇదే అత్తగారు. అందుకే ఆమెకి ఆ ఉద్యోగం కావాలి, అంతే.

ఉపాయం మొగుడే కనిపెట్టాడు. ముందుగదిలో ఇస్త్రీ చేస్తూ గిరాకీలతో మాట్లాడేది అతనే. వెనక ఉతికే ఆమెకి ఎవరి మొహమూ తెలీదు, బట్టలే తెలుసు.

"ఆ పుస్తకం అవతల పారెయ్యవే. మన బట్టల్తోనే గుర్తుపెట్టుకో అన్నీ. సవర్ణదీర్ఘ సంధి?"

"రెండు పొట్టి దుప్పట్లు కలిపి ఒక పొడుగుది కుట్టుకున్నారే, ఆ ఇంటివాళ్ళు."

"వలయాలున్న గ్రహం?"

"చంకల్లో గుండ్రంగా చెమట చారలుండే కోటాయన. శని!"

"అది మాత్రం నిజమే," అంది తువ్వాళ్ళు మడతపెడుతున్న అత్తగారు. "ఆ కోటు ముట్టుకున్న రోజల్లా నాకు తలనొప్పే."

"అతిశయోక్తి?"

"తెల్లచొక్కాయన. మన చేతిలో పడకముందు ఆయన చొక్కా తెలుపు చూసి చందమామ మొహం చాటేసేదన్నాడుగా."

"చందమామ సంగతేమో గానీ, ఆ మెడపట్టీ తోమలేక నా బ్రష్షు అరిగిపోయింది," అంది అత్తగారు.

ఇంటర్వ్యూ గదిలో బల్ల వెనక ముగ్గురున్నారు. ఒక పక్క పంతులమ్మ, ఇంకో పక్క లెక్కల గుమాస్తా, మధ్యలో బడి కార్యదర్శి. చూడగానే ఆమె నాలుక ఎండిపోయింది. అతి పెద్ద మహాసముద్రం ఏదని గుమాస్తా అడిగాడు. ఎలాగోలా పసిఫిక్ అంది.

"అతిశయోక్తికి ఉదాహరణ?" అన్నాడు కార్యదర్శి.

ఇది కంఠతా వచ్చు. ఆ ధైర్యంతో గడగడా చెప్పేసింది. "ఒకాయన చొక్కా తెలుపు చూసి చందమామ మొహం చాటేసేదట సార్. ఆ మాటన్నది మా గిరాకీయే. తీరా చూస్తే మెడపట్టీ బొగ్గు!"

పంతులమ్మ ఫక్కున నవ్వింది. కార్యదర్శి నవ్వలేదు. ఆయన చెయ్యి మెల్లగా మెడ దగ్గరకి పోయింది. అప్పుడు చూసిందామె ఆ చొక్కాని. మూడో గుండీకి నల్లదారం. తెల్లదారం అయిపోయి తన చేత్తో తనే కుట్టిన గుండీ!

ఓరి దేవుడోయ్! అయిపోయింది, ఉద్యోగం నీళ్ళపాలైంది. కానీ విచిత్రం, పోవాల్సింది ఎలాగూ పోయిందనుకున్నాక భయం కూడా దాంతోపాటే పోయింది. వారం వారం తను మెడ మురికి వదిలించే మనిషికా ఇన్నాళ్ళూ వణికింది? తన మీద తనకే ఒళ్ళు మండింది.

"స్వభావోక్తి?" మెడ మీంచి చెయ్యి తియ్యకుండానే అడిగాడు కార్యదర్శి.

"ఉన్నది ఉన్నట్టు చెప్పడం సార్. తెల్లచొక్కా, మూడో గుండీకి నల్లదారం."

ముగ్గురూ ఒకేసారి ఆ గుండీ వంక చూశారు. ఆయన కళ్ళజోడు సర్దుకుని ఎదురుగా ఉన్న కాగితం చూశాడు.

"రెండుసార్లు వచ్చి నోరే విప్పలేదని ఉందిక్కడ. ఇవాళేమొచ్చింది?"

"అప్పుడు మీరెవరో తెలీదు సార్."

"ఇప్పుడు తెలిసిందా? ఎవర్ని నేను?"

"మా గిరాకీ."

పంతులమ్మ బల్ల మీద వాలిపోయి నవ్వింది. గుమాస్తా కాగితాల్లో మొహం దాచుకున్నాడు. కార్యదర్శి కోపం తెచ్చుకోవాలని చాలా ప్రయత్నించాడు, పెదవులు మాట వినలేదు.

"మా పుస్తకాల పరువు కూడా ఇలాగే తీస్తావా?"

"మరకుంటే మరకుందనే చెప్తాను సార్."

"సోమవారం వచ్చి చేరు," అన్నాడాయన సంతకం పెడుతూ.

ఆమె కుర్చీ పట్టుకుని లేచి నిలబడింది.