ఫైలులో కనబడని చోటు

లిఫ్టులను నడిపే చిన్న కంప్యూటరు బోర్డులు తయారుచేసే ఆ ఆఫీసులో కెర్నెల్ పని, అంటే బోర్డుని నడిపే అసలు ప్రోగ్రాము రాసే పని, వదినది. కరెంటు రాగానే ఆ కెర్నెల్‌ని మెమరీలోకి ఎక్కించే బూట్‌లోడరు పని ఆమె ఆడపడుచుది. వదిన మాట మీదే ఆ పిల్లకి ఉద్యోగం వచ్చింది. ఈ వారంలో పర్మనెంటు కావాలి. ఒకే ఇంట్లో తిని, ఒకే ఆఫీసులో పనిచేసి, ఇంకా జుట్లు పట్టుకోని వదినా ఆడపడుచులు వీళ్లేనని అందరూ వేళాకోళం చేసేవారు.

కొత్త బోర్డులకి కరెంటు ఇచ్చినా ఉలుకూ పలుకూ లేదు. సోమవారం మీటింగులో మేనేజరు తప్పెవరిదని అడగడమే ఆలస్యం, వదిన తడుముకోకుండా, "మా ఆడపడుచుదే సార్. ఇంట్లో సామాన్లలాగే ఇక్కడా ఎక్కడ పడితే అక్కడ పడేసింది" అంది. అందరూ పగలబడి నవ్వారు. ఆ పిల్లా నవ్వింది గానీ ముఖం కందిపోయింది.

అప్పటినుంచి తిండి కూడా సరిగ్గా తినకుండా తన కోడులోనే తప్పు వెతుక్కుంటోంది. వదిన పెద్దరికంగా జాలి కూడా పడింది.

గురువారం మధ్యాహ్నం ఎందుకో వదిన, మెమరీలో తన కెర్నెల్ ముక్కలు ఏవి ఎక్కడుంటాయో చూపే పటం తెరిచింది. ముందు కోడు, వెనక మారని విలువలు, ఆ వెనక మారే విలువలు. అన్నిటికన్నా చివర, సున్నాలతో మొదలయ్యే ఖాళీ భాగం. దానికి కెర్నెల్ ఫైలులో చోటుండదు, మెమరీలో మాత్రం ఉంటుంది. కెర్నెల్ లేవగానే ఆ మేరంతా సున్నాలతో తుడిచేస్తుంది. ఈమధ్య వదినే అందులో ఒక పెద్ద పట్టిక చేర్చింది. ఖాళీ భాగం ఎంతో పెరిగింది. ఫైలు పిసరంత కూడా పెరగలేదు.

బోర్డు మీద ఏ మోటారు, ఏ బటను ఎక్కడున్నాయో కెర్నెల్‌కి చెప్పే వివరాలుంటాయి. వాటిని మెమరీలో ఎక్కడ పెట్టమంటారని ఆ పిల్ల అడిగినప్పుడు, "ఫైలు సైజు చూసి దాని పక్కనే పెట్టెయ్. ఇంత చిన్నదానికి కూడా అడగాలా?" అని కసిరింది తనే. వదిన చెప్పినచోటే ఆ పిల్ల పెట్టింది. అది సరిగ్గా ఆ ఖాళీ భాగంలో పడింది. కెర్నెల్ లేస్తూనే ఆ వివరాలు తుడిచిపెట్టుకుపోతున్నాయి.

వదినకి చెవులు వేడెక్కాయి. చోటు మార్చేసి, నేను చూసి బాగుచేశానంటే సరిపోతుంది. పైగా మెచ్చుకుంటారు. ఆ ఆలోచన వచ్చినందుకు సిగ్గేసింది. అది కాస్త నచ్చినందుకు ఇంకా సిగ్గేసింది.

సాయంత్రం మేనేజరు ఇద్దర్నీ పిలిచాడు.

"బోర్డులు లేస్తాయి సార్" అంది వదిన. "మా ఇద్దరి మధ్యా కొంచెం... చెప్పుకోవడంలో తేడా వచ్చింది."

"తేడా ఏముంది? నేనే సరిగ్గా చూసుకోలేదు, సారీ సార్" అంది ఆ పిల్ల తల దించుకుని.

మేనేజరు నిట్టూర్చాడు. "అయితే పర్మనెంటు సంగతి వచ్చే ఏడాది చూద్దాం."

"ఆగండి సార్. తప్పు నాది. మొత్తం నాదే."

ఆయన నవ్వాడు. "ఇంటి పిల్లని వెనకేసుకొస్తున్నారు. మంచిదే, కానీ..."

"నా కోసం మీ మీద వేసుకోకండి వదినా" అంది ఆ పిల్ల, కళ్లలో నీళ్లతో. "మీ మంచితనం నాకు తెలుసు."

వదినకి చచ్చినంత పనైంది. నాలుగు తిట్లు తిట్టినా ఓర్చుకునేది. ఇక మాటలతో లాభం లేదని గోడ మీది బోర్డు దగ్గరికి వెళ్లి పెన్ను తీసుకుంది. కోడు గీసింది, విలువలు గీసింది, ఫైలు అయిపోయేచోట అడ్డగీత పెట్టింది. గీత దాటాక తన ఖాళీ భాగం బారెడు గీసి, అందులోనే ఆ పిల్ల పెట్టిన వివరాల ముక్క గీసింది. "ఇక్కడ పెట్టమన్నది నేను" అంది.

మేనేజరు నవ్వు ఆగిపోయింది. "మీ ఉద్యోగానికి ఏ ఢోకా లేదమ్మా" అన్నాడు ఆ పిల్లతో.

ఆ పిల్ల ఆయన మాట విన్నట్టు లేదు. గోడ మీది గీతల వంకే చూస్తోంది.

"సోమవారం అందరి ముందూ అనేముందు, ఈ పటం ఒక్కసారైనా చూశారా?"

"లేదు."

"నేను మాత్రం నా కోడు అక్షరం అక్షరం చూసుకున్నాను వదినా. అన్నది మీరు కదా అని."