సీసా మీద బిందెమ్మ

వాకిలి ఊడుస్తుంటే చీపురుకి అత్తగారి మొహం తగిలింది.

మురుగుకాలువ అంచున ఎవరో తాగి పారేసిన నీళ్ళ సీసా అది. మూత ఊడిపోయి, నడుము దగ్గర నలిగి, ఒంటినిండా బురద పూసుకుని ఉంది. లేబులు మాత్రం చెక్కు చెదరలేదు. దాని మీద అత్తగారు చంకన బిందె పెట్టుకుని నవ్వుతోంది. పైన పచ్చటి అక్షరాలతో 'అమ్మమ్మ ఊట' అని ఉంది. కోడలు చీపురు గోడకి ఆనించి, ఎవరైనా చూస్తున్నారేమోనని అటూ ఇటూ చూసి, సీసా తీసి చేత్తో బురద తుడిచింది. బతికున్నన్నాళ్ళలో ఆవిడ తనతో కలిసి నవ్వింది ఒకే ఒక్కసారి. ఇప్పుడు మాత్రం వీధిలో ఎటు తిరిగినా నవ్వుతూనే కనిపిస్తోంది.

ఆ వీధిలో ఆవిడ అసలు పేరు ఎవరికీ తెలియదు. అందరికీ బిందెమ్మే. పెళ్ళై వచ్చిన మర్నాటి నుంచీ గుట్ట కింద ఊటకి వెళ్ళి నీళ్ళు మోసింది. కడుపుతో ఉండగా మోసింది, భర్త పోయిన వారంలోనే మోసింది, ఎడమ తుంటి కుడిదానికంటే కిందికి వాలిపోయేదాకా మోసింది. కోడలు వచ్చాక ఆ పని అప్పగించింది కానీ పెత్తనం అప్పగించలేదు. గడపలో కూర్చుని, బిందె దించిన చప్పుడుని బట్టే ఎంత ఒలికిందో చెప్పేసేది. "దారికంతా తాగించుకుంటూ వచ్చావా? ఇంట్లోవాళ్ళకి కూడా కాస్త మిగిల్చావా?" అనేది. "నీళ్ళు ఒలకబోసే చేతిలో ఏదీ నిలవదే" అనేది. కోడలు లోపల్లోపల ఉడికిపోయేది. ఒకసారి కోపం పట్టలేక, "ఇన్నేళ్ళు మోశారుగా, మీ చేతిలో ఏం నిలిచింది అత్తయ్యా?" అని అడిగేసింది. ముసలావిడ నడుం మీద చెయ్యి వేసుకుంది. "నడుమునొప్పి నిలిచింది" అంది. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుని పకపకా నవ్వారు. ఆ ఒక్కసారే.

తర్వాత నీళ్ళ సీసాల కంపెనీ వచ్చింది. ఊట చుట్టూ కంచె వేస్తారనగా ముందు ఒక ఫోటోగ్రాఫర్ వచ్చాడు. కోడలికి ఒంట్లో బాగాలేక ఆ పూట తనే బిందెతో వస్తున్న అత్తగారిని ఆపి, అటు తిరగమని, ఇటు తిరగమని, నవ్వమని ఫోటోలు తీసుకున్నాడు. "ఈ వయసులో నా మొహం ఎవడిక్కావాలిరా" అంటూనే ఆవిడ జుట్టు సర్దుకుంది. ఆవిడ కొడుక్కి కంపెనీలో లోడింగ్ సూపర్‌వైజరు ఉద్యోగం వచ్చింది. కంచె పడింది, గేటు పడింది, గేటుకి కాపలా మనిషి వచ్చాడు. ఊటకి బదులు వీధిలో పెట్టించిన కుళాయి ఏడాది తిరక్కుండానే ఎండిపోయి ట్యాంకరు మొదలైంది. కంపెనీ గేటుకి ఎదురుగా, రోడ్డు వారన నిలుస్తుంది. ఎప్పుడొస్తుందో దానికే తెలియదు. వచ్చినప్పుడు పొయ్యి మీద ఏమున్నా వదిలేసి పరుగెత్తాలి. ఇంటికి కంపెనీవాళ్ళు సీసాల పెట్టెలు ఇచ్చేవాళ్ళు. "మనకేం లోటు? కడుపులోకి వెళ్ళేవి కంపెనీ నీళ్ళు" అనేవాడు భర్త. కడుపులోకి వెళ్ళని నీళ్ళ సంగతి ఆయనకి పట్టలేదు. అంట్లకీ, బట్టలకీ, స్నానాలకీ, ఆయన బూట్లకంటిన బురద కడగడానికీ కావలసినవన్నీ భార్య చంకెక్కి మెట్లెక్కేవి. "ఇంటి పనే కదా, ఏ ఇంట్లో ఆడవాళ్ళు చేయట్లేదు?" అనేవాడు.

అత్తగారు సీసా ముట్టేది కాదు. "అమ్మా అబ్బా లేని నీళ్ళు" అనేది. ట్యాంకరు నీళ్ళే తాగేది. కాచి ఇస్తే కాచినవి, కోడలు పనికి వెళ్ళిన పూట పచ్చివి. చివరికి వాంతులూ విరేచనాలూ పట్టుకుని మంచాన పడింది. డాక్టరు శుభ్రమైన నీళ్ళు పట్టమన్నాడు. సీసా చూపిస్తే పళ్ళు బిగబట్టింది. "ఊట నీళ్ళు ఒక్క గుక్క తెచ్చిపెట్టవే" అంది. ఎన్నడూ అలా అడిగిన మనిషి కాదు. తెమ్మని చెప్పడమే తప్ప, తెచ్చిపెట్టమని బతిమాలడం ఆవిడకి రాదు. ఆ మాట విన్నాక కోడలు ఇంట్లో నిలవలేకపోయింది. చెంబు పట్టుకుని గేటు దగ్గరికి వెళ్ళింది. కాపలా అతను మంచివాడే. "లోపలికి వదిలితే నా ఉద్యోగం ఊడుతుంది చెల్లెమ్మా" అన్నాడు. కాసేపు తల గోక్కుని, తన గదిలోంచి ఒక సీసా తెచ్చి చేతిలో పెట్టాడు. "ఇవి ఆ నీళ్ళే. సీసాలో పోశారు, అంతే."

కోడలు దారిలోనే మూత తిప్పి నీళ్ళు చెంబులోకి వంపేసింది. ఇంటికొచ్చి, ముసలావిడ తల ఎత్తి పట్టుకుని, గ్లాసు పెదాలకి ఆనించింది. ఆవిడ ఆ గుక్కని నోట్లోనే ఉంచుకుని చాలాసేపు మింగలేదు. తర్వాత కళ్ళు తెరిచింది.

"మనవే" అంది. "గుట్ట కిందవే. ఎలా తెచ్చావే? వెళ్ళనిచ్చారా?"

ఔనంటే సరిపోయేది. కానీ ఆ కళ్ళలోకి చూస్తూ కోడలికి అబద్ధం రాలేదు. "సీసావి అత్తయ్యా. ఊట నీళ్ళనే సీసాల్లో పోస్తున్నారట."

ముసలావిడ గ్లాసు పక్కకి నెట్టింది. "అయితే మన నీళ్ళు మనకే అమ్ముతున్నారా?" అంది. పక్కగదిలో కొడుకు టీవీ చప్పుడు పెంచాడు. ఆ తర్వాత ఆవిడ ఎవరినీ నీళ్ళు అడగలేదు. ఆ వారం దాటలేదు. "మొండితనంతో ప్రాణం తీసుకుంది" అని వచ్చిన వాళ్ళందరికీ చెప్పాడు కొడుకు, తలా ఒక సీసా అందిస్తూ.

అత్తగారి మొహంతో కొత్త లేబులు ఆ వానాకాలంలోనే వచ్చింది. భర్త మొదటి సీసా తెచ్చి బల్ల మీద పెట్టి, "ఎంతమంది తల్లులకి దక్కుతుంది ఈ అదృష్టం?" అన్నాడు. కూతురు సీసాని తిప్పి తిప్పి చూసింది. "నాన్నమ్మ కదా నాన్నా, అమ్మమ్మ అని రాశారేంటి?" అంది. "అమ్మమ్మ అంటేనే అమ్ముడు పోతుంది" అని తన జోకుకి తనే నవ్వుకున్నాడు.

కోడలు ఒక ఫంక్షన్ హాల్లో శుభ్రం చేసే పని చేస్తుంది. విందు ముగిశాక బల్లల కిందా, కుర్చీల సందుల్లో, చేతులు కడిగే చోటా ఎక్కడ చూసినా సీసాలే. అన్నిట్లోనూ ఎంతో కొంత నీళ్ళు. మనుషులు ఒక గుక్క తాగి, మాటల్లో పడి, తమది ఏదో మర్చిపోయి ఇంకోటి విప్పుతారు. మిగిలినవి కాలువలో వంపి, ఖాళీ సీసాలని కాలితో తొక్కి సంచుల్లో కుక్కడం ఆమె పని. ఒక రోజు వచ్చిన సీసాలన్నిటి మీదా ఆ మొహమే. కాలెత్తింది కానీ దించలేకపోయింది. నేల మీద కూర్చుని ఒక్కొక్క లేబులూ గోటితో ఊడదీయడం మొదలుపెట్టింది. హాలు మేనేజరు వచ్చి నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడ్డాడు.

"ఏంటమ్మా, పూలదండ కడుతున్నావా? తొక్కు, తొక్కు. సంచి పట్టదు."

"మా అత్తగారండీ" అంది లేబులు చూపిస్తూ.

అతనికి ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక పడీ పడీ నవ్వాడు. "అయితే ఇంకేం, ఏ కోడలికి దొరుకుతుంది ఇంత మంచి అవకాశం? కసిదీరా తొక్కు."

పక్కనున్న వాళ్ళు నవ్వారు. నవ్వకపోతే ఏడుపొస్తుందని ఆమె కూడా నవ్వింది. కళ్ళు మూసుకుని కాలు దించింది. చెప్పు కింద సీసా ఎండు పుల్లలా ఫటేలుమంది. ఆ మధ్యాహ్నమంతా తొక్కుతూనే ఉంది. మధ్యమధ్య మిగిలిన నీళ్ళు కాలువలోకి వంపుతుంటే వెనకాల ఎవరో కూర్చుని, తల తిప్పకుండా, చప్పుడుని బట్టి ఎంత పోతోందో లెక్క చూస్తున్నట్టే ఉంది. వెనక్కి తిరిగితే ఎవరూ లేరు. ఇంటికెళ్ళేసరికి అంట్లు తోమడానికి చుక్క నీళ్ళు లేవు.

అప్పటినుంచీ అత్తగారు ఆమెని వదల్లేదు. పెరట్లో పోగుపడ్డ ఖాళీ సీసాలు ఎండకి బిగుసుకుని, మబ్బు పడితే ముడుచుకుని, టిక్కు టిక్కుమని చప్పుడు చేసేవి. గడపలో ముసలావిడ మెటికలు విరుచుకుంటున్నట్టే ఉండేది. "వస్తున్నా అత్తయ్యా" అని వంటగదిలోంచి పైకే అనేసి ఉలిక్కిపడేది. "తగలబెట్టరాదూ ఆ చెత్తంతా" అన్నాడు భర్త. తగలబెట్టడం కూడా ఇంటి పనే కనక ఆమే తగలబెట్టింది. నల్లటి పొగలో ఆ నవ్వు ముందు ముడుచుకుని, తర్వాత కరిగి బొట్లు బొట్లుగా కారింది. కూతురికి వారం రోజులు దగ్గు తగ్గలేదు. వాన పెద్దదైనప్పుడు కాలువ సీసాలతో పూడుకుపోయి, నీళ్ళు వీధంతా నిండాయి. అన్ని నీళ్ళలో నోట్లో పోసుకోవడానికి పుడిసెడు లేవు. వాటి మీద వెల్లకిలా తేలుతూ అత్తగారు ఇల్లిల్లూ తిరిగింది. కిటికీలోంచి చూస్తూ కూతురు, "అమ్మా, నాన్నమ్మ ఎంతమంది అయిపోయింది?" అని అడిగింది. తల్లి కిటికీ మూసేసింది. ఆవిడ ఎందుకు తిరుగుతోందో ఆమెకి తెలుసు. మంచం మీద, గ్లాసు పక్కకి నెట్టి ఒక మాట అడిగింది. దానికి ఆ ఇంట్లో ఎవరూ బదులు చెప్పలేదు.

ఒక సాయంత్రం భర్త హుషారుగా వచ్చాడు. "కొత్త లేబులు మీద అత్తాకోడళ్ళు ఇద్దరూ ఉండాలంటున్నారు. 'తరతరాల ఊట' అని పేరు. ఆదివారం ఫోటో. బట్టలు కూడా వాళ్ళే ఇస్తారు."

"నేనెందుకు?"

"బిందె పట్టుకుని నాలుగడుగులు వేస్తే చాలు. రోజూ చేసేదే కదా. నీదేం పోయింది?"

నీదేం పోయింది అనే మాట పెళ్ళైన దగ్గర్నుంచీ వింటూనే ఉంది. ఆయన స్నేహితులు పదిమందిని వెంటేసుకుని చెప్పకుండా భోజనానికి వచ్చినా, జ్వరంతో ఉన్నప్పుడు ట్యాంకరు వచ్చినా, ఆమె జీతం ఆమెకి చెప్పకుండా ఎవరికో చేబదులు ఇచ్చినా, నీదేం పోయింది అనే అడిగేవాడు. ఆమె కూడా తనలో తాను వెతుక్కునేది, నిజమే, ఏం పోయిందని. పోయింది చేతితో చూపించగలిగేది కాదు. ఇప్పుడు మాత్రం ఆ మొహం పక్కన తన మొహం కనిపించింది. కాలువలో, టైర్ల కింద, తనలాంటి ఇంకెవరి కాలి కిందో. ఆ పక్కన రేపు కూతురి మొహం.

"సరే, వస్తాను" అంది. అంత తేలిగ్గా ఒప్పుకుంటుందని ఆయన అనుకోలేదు.

ఆదివారం గేటు బార్లా తీసి ఉంది. లైట్లూ స్టాండ్లూ మోసేవాళ్ళు లోపలికీ బయటికీ తిరుగుతున్నారు. ఇన్నేళ్ళకి లోపల అడుగుపెట్టి ఆమె ఊట కోసం చూసింది. ఊట ఉన్నచోట కాంక్రీటు గది, దానికి ఇనప తలుపు, లోపల మోటారు రొద. ఫోటో కోసం పక్కన నాలుగు బండలు పేర్చి, వాటి వెనక నుంచి ఒక గొట్టం పెట్టారు. బండల మీద నుంచి నీళ్ళు జారుతున్నాయి. చెయ్యి పెట్టి చూసింది. అదే చల్లదనం.

ఫోటోగ్రాఫర్ మెరిసే కొత్త బిందె ఇచ్చాడు. "నింపక్కర్లేదండీ, బరువు. ఊరికే చంకలో పెట్టుకోండి."

"ఖాళీ బిందెకి నడుము వంగదు. ఫోటోలో తెలిసిపోతుంది" అంది.

"అబ్బ, మీ ఆవిడ భలే చెప్పారండీ" అన్నాడతను. భర్త గర్వంగా నవ్వాడు.

ఆమె తొందరపడలేదు. అంచుదాకా నిండనిచ్చి, చంకకెత్తుకుంది. నడవమన్నారు, నడిచింది. నవ్వమన్నారు. కెమెరా దాకా వచ్చింది, దాటింది. "చాలండీ, ఆగండి" అన్నాడు ఫోటోగ్రాఫర్. "ఇదిగో, ఎక్కడికి? ఇటు చూడు, ఇటు" అంటున్నాడు భర్త. పక్కన ఎవరో కుంటుతూ, ఎడమ తుంటి వాల్చి, తనతో సమానంగా నడుస్తున్నారు. ఆమె తల తిప్పి చూడలేదు. గేటు దగ్గర కాపలా అతను లేచి నిలబడ్డాడు. "నీళ్ళు బయటికి తీసుకెళ్ళకూడదు చెల్లెమ్మా" అన్నాడు గానీ అడ్డం రాలేదు.

రోడ్డు వారన వీధి ఆడవాళ్ళు ఖాళీ బిందెలతో ట్యాంకరు కోసం కూర్చుని ఉన్నారు. వాళ్ళ మధ్య ఆమె తన బిందె దించింది. బట్టలు కుట్టే పక్కింటావిడ వంగి లోపలికి చూసింది. చూసి, వేలు ముంచి, నాలుక మీద పెట్టుకుంది.

"ఊటవి" అంది మెల్లగా. "ఎలా ఇచ్చారు వదినా?"

"ఇవ్వలేదు" అంది ఆమె. "గేటు తీసే ఉంది. బిందెలు పట్టుకుని రండి."