ఫ్రీ మార్కెట్టు గేటు

మా కళ్ల ముందే అత్త నిమ్మకాయల గంపను పోలీసులు లాఠీతో తిరగేశారు. కాయలు దొర్లి లారీ కిందికి పోయాయి. అత్త వాటి వెనకే మోకాళ్ల మీద పాకింది. డ్రైవరు బ్రేకు వేయకపోతే ఆమె కూడా అక్కడే ఉండిపోయేది.

మేం మోసపోయింది ఒక్క మాట దగ్గర. ముందురోజు అధికారి మైకు పట్టుకుని, "రేపటి నుంచి ఇది ఫ్రీ మార్కెట్" అంటే అరచేతులు మండేలా చప్పట్లు కొట్టాం. ఇక గేటు రుసుం ఉండదనుకున్నాం, వెర్రిబాగులవాళ్లం! అత్తయితే సంతోషం పట్టలేక మా హమాలీలకు తలా ఒక నిమ్మకాయ పంచింది. తెల్లారేసరికి కొత్త ఇనుప గేటు. కొనాలన్నా అమ్మాలన్నా ఒక్క కాంట్రాక్టరుకే హక్కట. బయట అమ్మితే నేరమట. గేటు మీద మాత్రం 'స్వేచ్ఛా మార్కెట్' అని బోర్డు.

బస్తాలు మోసే మాకందరికీ ఆమె అత్తే. ఇంట్లో మామ మంచాన పడి ఉన్నాడు. ఆ గంప లేకపోతే వాళ్ల పొయ్యిలో పిల్లి లేవదు.

మధ్యాహ్నం గోడౌన్ వసారాలో చేరాం.

"కాంట్రాక్టరు కాళ్లు పట్టుకుందాం," అన్నాడు ఉల్లిపాయల తాత.

"పట్టుకుని? వాడు చెప్పిందే ధర. ఇంకోడు కొనడానికి లేడుగా!" కసిరింది ఆకుకూరల వదిన.

కాలేజీలో చదివే వదిన కూతురు లేచింది. "అసలు ఫ్రీ మార్కెట్ అంటే ఎవరైనా అమ్మొచ్చు, ఎవరి దగ్గరైనా కొనొచ్చు. సర్కారు ఒక్కడి చేతికే తాళం ఇవ్వకూడదు. మాకు చెప్పేది అదే."

"మంచి మాటేగా! మరి మనల్నెందుకు తంతున్నారు?" అన్నాను.

"మంచి మాట కాబట్టే ఎత్తుకుపోయారు." అంది అత్త. "గంప పోతే ఇంకోటి తెచ్చుకుంటా. ఆ మాట వాడి గేటు మీదుంటే నాకు నిద్ర పట్టదురా."

మర్నాడు గేటు ముందు రోడ్డు మీదే బారులు తీరి కూర్చున్నాం. కూరగాయలతో వచ్చిన రైతులు గేటు చూశారు, మమ్మల్ని చూశారు, బండ్లు మా వైపు తిప్పారు. బేరాలు మొదలయ్యాయో లేదో జీపులు దిగాయి.

"పర్మిట్ ఏదీ?" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"బోర్డు మీదుంది, చదువుకో బాబూ." అత్త ఒక నిమ్మకాయ చాపింది. "నచ్చితే కొను, నచ్చకపోతే ముందుకెళ్లు. మార్కెట్టంటే ఇంతే."

జుట్టు పట్టి ఈడ్చారు. జీపులోంచి ఆమె అరిచింది. "ఒరే, మీ మామకి ఇంత ముద్ద పెట్టండ్రా!"

వదిన గంప సర్దుకోవడం మొదలుపెట్టింది. నాకు ఏడుపొచ్చింది, భయమూ వేసింది. జన్మలో నా రెక్కలు తప్ప ఇంకేమీ అమ్మినవాణ్ని కాను. అయినా వెళ్లి అత్త చోట్లో కూర్చున్నాను. "నిమ్మకాయలో..." అని ఆమె కేకే వేశాను.

ఇన్‌స్పెక్టరు వెనక్కి తిరిగి వచ్చాడు. "నీకుందా పర్మిట్?"

జేబులో అత్త ఇచ్చిన నిమ్మకాయ ఉంది. తీసి చాపాను.

"నచ్చితే కొను, నచ్చకపోతే ముందుకెళ్లు."

నన్ను రెండో జీపులోకి తోస్తుంటే వెనక్కి చూశాను. కాళ్లు పట్టుకుందామన్న ఉల్లిపాయల తాత, నడుము పట్టుకుని మూలుగుతూ, ఆ చోట్లోనే కూర్చుంటున్నాడు.