మరియమ్మ రంగు

అది ఎనభై అయిదో, ఎనభై ఆరో. ఆ ఏడు క్రిస్మస్ నాటకంలో మరియమ్మ వేషం దీవెనమ్మకే వస్తుందని పేటంతా అనుకున్నారు. ఆ పిల్ల పాట ఎత్తుకుంటే బండి తోలుకుపోయేవాళ్ళు కూడా ఏసు గుడి ముందు ఎడ్లను ఆపి వినేవాళ్ళు. పదో తరగతి ప్యాసై మిషను బడిలో చిన్నపిల్లలకు అక్షరాలు దిద్దిస్తోంది. తీరా వేషాలు పంచే రోజున, సండేస్కూలు చూసే సంజీవరావు మాస్టారు గొంతు సవరించుకున్నాడు.

"మరియమ్మకి కాస్త రంగున్న పిల్లయితే బాగుంటుంది. దీవెనా, నువ్వు తెర వెనక నిలబడి పాడమ్మా. పాట నీదే. వేషం ఇంకొకళ్ళు వేస్తారు."

పిల్లలు కిసుక్కున నవ్వారు. దీవెనమ్మ తల్లి ఆదెమ్మ అప్పుడే గుడి ఊడ్చి చీపురు మూలన పెడుతోంది. మరియమ్మను తమరెక్కడ చూసొచ్చారండీ అని అడగాలని నోటిదాకా వచ్చింది. ఈలోగా కూతురే తలవంచుకుని "అట్టాగేనండి" అనేసింది.

నాటకమైపోయిన వారానికల్లా దీవెనమ్మ మార్టూరు బజారు నుంచి మొహానికి పూసుకునే ఒక చిన్న స్నో డబ్బా తెచ్చుకుంది. పేరయ్య ఫ్యాన్సీ కొట్లో కొన్నది. మూత మీద గులాబీ రంగు చెంపల ఆడమనిషి బొమ్మ. ఎవరు తయారుచేశారో, అందులో ఏం కలిపారో ఒక్క ముక్క లేదు. "పొద్దునా సాయంత్రం పూయి. మూడు డబ్బాలయ్యేసరికి నిన్ను నువ్వే గుర్తుపట్టవు" అన్నాడట పేరయ్య.

అన్నట్టే అయింది. మిరపకోతలు మొదలయ్యేసరికి మొహం తెల్లబడింది. మెడ దగ్గర ఆగిపోయి, కింద మళ్ళీ వాళ్ళమ్మ రంగే. పంపు దగ్గర ఆడవాళ్ళు చుట్టూ చేరి "ఏం పూస్తున్నావే" అని అడిగేవాళ్ళు. వాళ్ళలో సగం మంది తామూ ఒక డబ్బా తెచ్చుకున్నారు. ఆదెమ్మకి కూడా ముచ్చటేసింది, అబద్ధమెందుకు. కల్లంలో కాయలు ఎండబోస్తూ, మా పిల్ల దొరసానిలా ఉందని నలుగురితో చెప్పుకుంది.

ఎండలు ముదిరాక కళ్ళ కింద వాపు కనిపించింది. నిద్ర చాల్లేదేమో అనుకున్నారు. తర్వాత పాదాలు ఉబ్బాయి. చెప్పులు పట్టలేదు. ఆ తర్వాత పొట్ట. పెళ్ళికాని పిల్ల పొట్ట ఎత్తుగా కనబడితే ఊరు ఏమంటుందో వేరే చెప్పాలా? నిన్నటిదాకా ఏం పూస్తున్నావే అన్న నోళ్ళే "ఎన్నో నెలట?" అని గుసగుసలు మొదలుపెట్టాయి. బడికి వెళ్తే పెద్ద టీచరు, ఒంట్లో కుదురుగా లేదుగా, ఇంటి దగ్గరుండమ్మా అంది.

ఆదెమ్మ కూతురి రెండు భుజాలూ పట్టుకుని అడిగింది. "నిజం చెప్పు. నేను చంపను. చెప్పు."

దీవెనమ్మ ఏడవలేదు. వాచిన కళ్ళతో తల్లిని చూసింది. "నువ్వు కూడానా అమ్మా?" అంది.

ఆ ఒక్క ప్రశ్నతో ఆదెమ్మకి తన చేతులు తనకే చేదనిపించాయి. మళ్ళీ ఆ మాట ఎత్తలేదు.

ఆదివారం సంజీవరావు మాస్టారు ఇంటికొచ్చి గుమ్మం బయటే నిలబడి, సంగతి తేలేదాకా అమ్మాయిని గుళ్ళో ప్రభువు బల్లకి, రొట్టె ద్రాక్షరసం తీసుకోడానికి, పంపొద్దన్నాడు.

"ఏ సంగతండీ?"

"నా నోటితో అనిపించకు ఆదెమ్మా. నలుగురూ అనుకుంటున్నదే."

మర్నాడు పొద్దున్నే ఆదెమ్మ కూతుర్ని గుంటూరు బస్సెక్కించింది. పెద్దాసుపత్రిలో శ్యామలాంబ గారనే డాక్టరమ్మ పిల్ల మోకాలి కింద ఎముక మీద బొటనవేలితో గట్టిగా నొక్కింది. వేలు తీశాక అక్కడ గుంట అలాగే ఉండిపోయింది, తడిపిన పిండిలో నొక్కినట్టు. మూత్రం పరీక్ష చేయించింది. కాసేపు దీవెనమ్మ మొహం వంకా మెడ వంకా మార్చి మార్చి చూసింది.

"మొహానికి ఏం రాస్తున్నావమ్మా?"

దీవెనమ్మ సంచీలోంచి డబ్బా తీసింది. అంత జబ్బులోనూ వెంట తెచ్చుకుంది.

"ఇందులో పాదరసం కలుపుతారు. ఒంగోలు వైపు నుంచి ఇదే వాపుతో ఇంకో ఆమె వచ్చింది, ఇదే డబ్బాతో. ఆమె డబ్బా పరీక్షకి పంపిస్తే అదే తేలింది. చర్మంలోంచి ఒంట్లోకి ఇంకి కిడ్నీల్ని తినేస్తుంది. ఈ అమ్మాయికి కడుపూ లేదు, ఏమీ లేదు. అంతా నీరు."

ఆదెమ్మ డబ్బా చేతిలోకి తీసుకుని మూత మీది బొమ్మను చూసింది. "విషమని తెలిసే అమ్ముతారాండీ?" అంది.

"కలిపేవాడికి తెలుసు" అంది డాక్టరమ్మ.

పిల్లని ఆసుపత్రిలో చేర్పించి, తోడుగా గుంటూర్లోనే ఉండే తన చెల్లెల్ని కూర్చోబెట్టి, ఆదెమ్మ నేరుగా మార్టూరులో దిగింది. పేరయ్య కొట్లో ఎవరికో గాజులు తొడుగుతున్నాడు. బల్ల మీద ఆ డబ్బాలు గోపురంలా పేర్చి ఉన్నాయి. ఆదెమ్మ చేత్తో ఒక్క తోపు తోసింది. డబ్బాలన్నీ కొట్లోకీ రోడ్డు మీదికీ దొర్లాయి.

"ఏయ్, నీకేమన్నా పిచ్చా?"

"పిచ్చి కాదురా, మంట! నా పిల్ల కిడ్నీలు కాల్చావు. ఊరంతా దానికి కడుపంటగట్టింది. పాదరసం అమ్ముతావురా ఆడపిల్లలకి?"

జనం మూగారు. పేరయ్య చేతులు ఊపాడు. "పాదరసమా, పాడా? గుంటూర్లో ఒకాయన దగ్గర పెట్టెల్లెక్కన తెస్తా, అమ్ముతా. చెడ్డదైతే మా ఇంట్లోదానికి ఎందుకిస్తాను? ఏమే గురవమ్మా, ఇట్రా, చెప్పు!"

లోపలి గదిలోంచి అతని భార్య వచ్చింది. తెల్లటి మొహం. కళ్ళ కింద సంచులు. నడుస్తుంటే పాదం బరువుగా పడుతోంది.

ఆదెమ్మ ముందుకెళ్ళి గురవమ్మ కాళ్ళ దగ్గర కూర్చుంది. ఆమె వెనక్కి జరగబోతే పట్టుకుని, చీర కాస్త పైకెత్తి, డాక్టరమ్మ నొక్కినట్టే నొక్కింది. గుంట పడింది. పూడలేదు.

"ఎన్నాళ్ళనుంచమ్మా?"

"సంక్రాంతి దాటిన కాడ్నించీ" అంది గురవమ్మ సన్నగా. "ఉప్పు ఎక్కువ తింటున్నానని తిడతాడు."

"ఆడదాని ఒంటికి నీరు పడుతుంది, దానికి..." అంటూ పేరయ్య నవ్వబోయాడు. గురవమ్మ వంగి ఒక డబ్బా తీసి అతని గుండె కేసి కొట్టింది. ఇంకోటి ఎత్తుకుని కొట్టింది. చేతికి దొరికినవన్నీ అయిపోయేదాకా కొట్టి, అప్పుడు ఆదెమ్మ వైపు తిరిగింది. "ఏ బస్సెక్కాలి?"

ఆమెను గుంటూరు ఆసుపత్రికి ఆదెమ్మే తీసుకెళ్ళింది.

డబ్బాల సంగతి పోలీసుస్టేషన్లో చెబితే, స్నోకి కూడా కేసేంటమ్మా అని నవ్వారు. గుంటూర్లో పేరయ్యకి సరుకిచ్చే ఆయన గదికి వెళ్తే తాళం వేసి ఉంది.

దీవెనమ్మకి వాపు దిగడానికి వానలు పడేదాకా పట్టింది. త్వరగా తీసుకొచ్చావు కాబట్టి దక్కింది, జన్మంతా జాగ్రత్తగా ఉండాలంది డాక్టరమ్మ. మొహం మెల్లగా తన పాత రంగుకి తిరిగొచ్చింది. గురవమ్మకి అంత అదృష్టం లేదు. మంచం మీదే ఉంది.

సంజీవరావు మాస్టారు మళ్ళీ వచ్చాడు. ఈసారి లోపలికొచ్చి కూర్చున్నాడు. "సంగతి తేలింది కదమ్మా. ఈ ఆదివారం అమ్మాయిని బల్లకి తీసుకురా."

"తెస్తానండి. ముందు మీరు అందరి ముందు నిలబడి రెండు మాటలు చెప్పాలి. ఈ పిల్ల మీద నింద అబద్ధమని. మరియమ్మకి రంగు కావాలన్నది మీరేనని."

మాస్టారు మొహం ఎర్రబడింది. "సంఘపెద్దని. నన్ను అంత మాట అడుగుతావా?"

"ఆ రంగు కోసం నా కూతురు కిడ్నీలిచ్చింది మాస్టారూ. మీరు రెండు మాటలు ఇవ్వలేరా?"

ఆయన లేచి వెళ్ళిపోయాడు. ఆ మాటలు ఎన్నడూ చెప్పలేదు. దీవెనమ్మ బడికి వెళ్ళింది కానీ గుళ్ళో పాడనంది. పాడమని ఆదెమ్మ బతిమాలలేదు.

ఆ శీతాకాలం పొదిలి నుంచి వచ్చిన కూలీ ఆడవాళ్ళు, అక్కడి సంతలో కొత్త పేరుతో స్నో వచ్చిందని చెప్పారు. ఒక నీలం డబ్బా చూపించారు. బొమ్మ మాత్రం అదే, గులాబీ చెంపల ఆడమనిషి. ఆదెమ్మ పత్తి తీత మానుకుని సంతరోజున పొదిలి వెళ్ళింది. తోపుడుబండి ముందు నిలబడి గొంతు చించుకుని అరిచింది. ఇది పాదరసం, కిడ్నీలు పోతాయి, మా పిల్లకి పోబోయాయి అని. బండివాడు నెట్టాడు. లేచి మళ్ళీ నిలబడింది. కొందరు విన్నారు. కొందరు, ముసలిదానికి రంగు లేదని కుళ్ళు అనుకుంటూ, ఆమె కళ్ళ ముందే కొనుక్కుపోయారు. సంత ఎత్తేసే వేళకి గొంతు పూర్తిగా పోయింది.

మళ్ళీ వారం కూడా వెళ్ళింది.