పెరగని గౌను

ఉదయం తొమ్మిది గంటల నలభై నిమిషాలకు ప్రేమావతి మెడలో టేపు వేసుకుని, వాకిట్లో దించిన వాపసు పార్సిళ్ళను ఒక్కొక్కటే కత్తెరతో కోస్తోంది. మామిడిపల్లిలో ఆమె ఇంటి మీదుగా విమానాలు దిగుతుంటాయి. చప్పుడు పోయేదాకా మాట ఆపి, ఆపిన చోటునుంచే అందుకోవడం అక్కడ అందరికీ అలవాటు. డెలివరీ చేసే జగదీశ్ కూడా అలాగే ఆగి మళ్ళీ మొదలుపెట్టాడు.

"నాలుగు వాపస్ అక్కా. ఒకటి అడ్రస్ దొరకలే, రెండు వద్దన్నరు, ఒకటి తాళం. సంతకం పెట్టు."

"పెడ్త గని, జర కొలవనియ్యి."

ప్రేమావతి చిన్నపిల్లల గౌన్లు కుట్టి ఆన్‌లైన్‌లో అమ్ముతుంది. తెల్ల నెట్టు, మెత్తటి లైనింగు, అంచు లోపలివైపు తెల్ల దారంతో పిల్ల పేరు. చర్చిలో పసిపిల్లల ప్రతిష్ఠకు అలా పేరు కుట్టడం ఆమె తల్లి నేర్పింది. ఇప్పుడు పుట్టినరోజులకు కూడా అందరూ అడుగుతున్నారు. పేరు కుట్టిన గౌను ఆ పిల్లతోపాటే పెరుగుతుంది. కొన్నవాళ్ళు బడికి పంపేదాకా అదే తొడుగుతారు గనక ఒకే పిల్లకు రెండో గౌను ఎవరూ అడగరు.

చిక్కల్లా వాపసు వచ్చినప్పుడే. అందని పార్సిల్ ఎయిర్‌పోర్టు వెనక గోదాములో రెండు మూడు నెలలు మగ్గి వస్తుంది. ఆలోగా గౌను రెండు వేళ్ళ మేర పెరుగుతుంది. అరకిలో లోపు వెళ్ళిన పొట్లం అరకిలో దాటి వస్తుంది. వెళ్ళిన ఖర్చు, వచ్చిన ఖర్చు, ఆపైన బరువు తేడా, అన్నీ అమ్మిపెట్టే ఆన్‌లైన్ కంపెనీ ఆమెకు రావలసిన డబ్బులోంచే కోస్తుంది. ఫోన్ చేస్తే, "మీ వస్తువు పెరిగితే మా బాధ్యత కాదు మేడం" అని మర్యాదగానే చెబుతారు.

"పేరు కుట్టుడు బంద్ చెయ్యరాదు అక్కా?" అన్నాడు జగదీశ్.

"పేరు లేకుంటే గిసొంటియి బేగంబజార్ల సగం ధరకు దొరుకుతయి. నా తానికెందుకొస్తరు?"

ఆమె భర్త జ్ఞానదాసు ఎయిర్‌పోర్టులో ట్రాలీలు సర్దే పని చేస్తాడు. డ్యూటీకి పోబోతూ ఫోన్‌లో ఆమె ఖాతా చూశాడు. "ఈ నెల గూడ మైనస్సే చూపిస్తున్నది. కుట్టినందుకు నువ్వే కంపెనీకి జీతమిస్తున్నవు."

ప్రేమావతి టేపు పరిచి కొలుస్తూ పోయింది. మూడు గౌన్లు పెరిగాయి. కొత్తూరునుంచి తాళం అని వాపసు వచ్చిన నాలుగోదాన్ని కొలిచింది. భుజం నుంచి అంచు దాకా, నడుము, చేతులు. మళ్ళీ కొలిచింది. కుట్టినప్పుడు ఎంత ఉందో అంతే.

"ఒక్కటన్న బుద్ధిగ ఇంటికొచ్చింది" అన్నాడు జగదీశ్.

"పేరు విప్పి రేపే ఇంకొకరికి పంపు" అన్నాడు జ్ఞానదాసు.

ఆమె అంచు తిప్పి చిన్న కత్తెర అందుకుంది. ప్రియదర్శిని. అక్కడే చెయ్యి ఆగింది. అంత పొడుగు పేరు ఆమె ఇదివరకే ఒకసారి విప్పింది. పోయినేడు ఇదే కొత్తూరు, ఇదే తాళం. అది ఏడాది పిల్ల గౌను, ఇది రెండేళ్ళ పిల్లది. అదీ పెరగలేదు. బరువు తేడా పడలేదన్న సంతోషంతో ఆవేళ కోడికూర వండింది. గౌనుకు వేరే పేరు కుట్టి అమ్మేసింది.

"నేను కొత్తూరు పోయొస్త" అంది.

"బస్సు కిరాయి పెట్టుకోని నువ్వే అందిస్తవా? నీకన్న కంపెనే నయం" అని జ్ఞానదాసు చెప్పులేసుకున్నాడు.

పెరగని గౌనుకు ప్రేమావతికి తోచిన అర్థం ఒక్కటే, పిల్ల లేదని. బస్సులో సంచీ ఒళ్ళో పెట్టుకుంది గాని, దాని మీద చేతులు వేయలేకపోయింది.

ఫ్యాక్టరీల వెనక వరసగా కిరాయి గదులు. మూడో గదికి తాళం. పక్క అరుగు మీద ఇంటి యజమానురాలు భారతమ్మ చింతపండు గింజలు తీస్తోంది.

"సంతోషి కోసమా? డ్యూటీకి పోయింది. లోపలికి ఫోన్ తీస్కపోనియ్యరు. పార్సిల్ పిలగాండ్లు తాళం జూసి పోతరు. పక్కన ముసల్ది కూసున్నది, అడుగుదమని ఒక్కనికుండది."

"పిల్ల?" అంది ప్రేమావతి.

"గిదేనమ్మా."

భారతమ్మ వెనక గోనెపట్టా మీద పిల్ల కూర్చుని ఉంది. ఉంది. ప్రేమావతి సంచీ దించి అరుగంచున కూర్చుంది. అప్పుడు గాని పిల్లను సరిగా చూడలేదు. రెండేళ్ళు దాటిన పిల్ల తొమ్మిది నెలల పిల్లంత ఉంది. ఉబ్బిన మొహం, ఎండిపోయిన చర్మం, పెదాల మధ్య కొంచెం బయటికి వచ్చిన నాలుక.

"బంగారమసొంటి పిల్ల" అంది భారతమ్మ. "ఆకలైనా ఏడువది. పొద్దంత పండుకుంటది. గిసొంటి పిల్లలనైతే పదిమందిని సాదుత."

"నడుస్తదా?"

"యాడిది. మొన్న మొన్ననే కూసుంటున్నది."

డ్యూటీ దిగి సంతోషి మెడలో గుర్తింపు కార్డుతోనే వచ్చింది. సంగతి తెలిసి మొహం విప్పారింది. "పార్సిల్ కోసం గింత దూరమొచ్చినవా అక్కా" అంటూ పిల్లకు గౌను తొడిగింది. అది భుజాల మీదినుంచి జారి, పట్టా మీద కుప్పగా పడింది. సంతోషి అంచు తిప్పి పేరు తడిమింది. తర్వాత అడిగింది.

"గోదాముల ఎన్ని దినాలున్నది?"

"మూడు నెలలు."

"ఎంత పెరిగింది?"

"పెరగలే."

సంతోషి పిల్లను ఒళ్ళోకి లాక్కుంది. "ఆరెంపీ డాక్టర్ టానిక్ రాసిండు. తల్లి పొట్టిది, పిల్ల గూడ గంతే అన్నడు. నేను నమ్మిన."

"రేపే పట్నంల పిల్లల దవాఖానకు తీస్కపో. గౌను గూడ చూపియ్యి."

"రేపు రాకుంటే పనిలకెల్లి తీసేస్తరు" అంది సంతోషి, తనలో తను అనుకున్నట్టు. మెడలోంచి కార్డు తీసి గూట్లో పెట్టింది. బట్టలు సంచీలో సర్దడం మొదలుపెట్టింది. సర్దుతూనే అడిగింది.

"పోయినేడు గూడ ఒకటి వాపస్ పోయింది గదా అక్కా. అదెంత పెరిగింది?"

ప్రేమావతి పిల్ల వైపు చూసింది. పిల్ల ఎటూ చూడడం లేదు.

"యాది లేదమ్మా."

"జర యాద్ చేస్కో. డాక్టర్ అడుగుతడేమో."

"ఎన్నో వస్తుంటయి, పోతుంటయి. యాది లేదు."

సంతోషి డబ్బు ఇవ్వబోయింది. ప్రేమావతి తీసుకోలేదు. తీసుకోనందుకు సంతోషి ఆమె రెండు చేతులూ పట్టుకుని కళ్ళకద్దుకుంది.

ఆ రాత్రి జ్ఞానదాసు అడిగితే, "అందింది" అని మాత్రం చెప్పింది. మర్నాటి నుంచి వాపసు గౌన్లు కొలవడానికి ముందు అంచు తిప్పి పేరు చదువుతోంది.

వారం దాటాక సంతోషి ఫోన్ చేసింది. డాక్టర్ ముందు గౌనును కొలిచి, తర్వాత పిల్లను కొలిచి, రక్తపరీక్షకు పంపాడు. పిల్లకు థైరాయిడ్ గ్రంథి పుట్టుకనుంచే పని చేయడం లేదు. రోజూ పరగడుపున అరగదీసి పోసే ఒక చిన్న మాత్రతో ఎత్తు పెరుగుతుంది, నడుస్తుంది, అందులో అనుమానం లేదన్నాడు. మాటలు, చదువు సంగతి మాత్రం ఇప్పుడు చెప్పలేనన్నాడు. పోయినేడు తెచ్చి ఉంటే ఇంకొంత దక్కేవట.