బొడ్డమ్మ చేటలో పడ్డ రాయి

సాయంత్రం పలాస నుంచి ఆటో దిగేసరికి బొడ్డమ్మకి నడుం ఉండదు. పొద్దుటనగా జీడిపప్పు కార్ఖానాలో బల్ల ముందు కూర్చుంటే గుండు ఓ పక్కకి, బద్ద ఓ పక్కకి, ముక్క ఓ పక్కకి ఏరి ఏరి, ఇంటికొచ్చేటప్పటికి లోకమంతా గుండూ బద్దలుగానే కనబడుతుంది. కాళ్ళు కడుక్కుని ఇన్ని టీ నీళ్ళు గొంతులో పోసుకుందామంటే అదీ కుదరదు. అరుగు మీద అప్పటికే ఎవరో ఒకరు ఫోను పట్టుకుని సిద్ధంగా ఉంటారు.

"అత్తా, ఈ సినిమా మా గుంటడు సూడొచ్చా?" అని ఒకరు. "అప్పా, ఈ ఆటలో తుపాకులున్నాయి, ఓపాలి సూడవా," అని ఇంకొకరు.

ఆ ఊళ్ళో అదొక అలవాటు. బొడ్డమ్మ ఒళ్ళో చేట పెట్టుకుని కూర్చుంటే చాలు. పసిపిల్లల కంటా చెవినా పడకూడనిది ఏదైనా ఎదురుగా జరిగితే అది రాయి అయి టప్పున చేటలో పడుతుంది. వాళ్ళమ్మకీ అలాగే పడేవి, అప్పుడు ఫోన్లు లేవు గనక వీధి నాటకాలకి తీసుకెళ్ళేవారు. ఇసక రాలితే ఎవరైనా చూడొచ్చు. బియ్యంలో రాయంత పడితే కాస్త ఆగాలి. గచ్చకాయంత పడిందా, మీసాలొచ్చేదాకా ఆగాలి. ఇందులో ఎవరికీ వింతేం కనబడదు. ఒకరికి హస్తవాసి ఉంటుంది, ఒకరికి నూతిలో నీళ్ళ జాడ తెలుస్తుంది, బొడ్డమ్మకి రాళ్ళు పడతాయి.

ఆ మధ్య టీవీ సీరియల్ ఒకటి పెడితే చేట అడుగు ఊడి చేతికొచ్చింది. ఆడవాళ్ళంతా కలిసి కొత్త చేట కొనిచ్చారు గాని సీరియల్ మానలేదు. "తీర్పు పిల్లలకి గాని మనకి కాదు గదే," అన్నారు. చూడండి మరి!

బొడ్డమ్మ షరతు మాత్రం ఒక్కటే. ఎవరి బొమ్మకి పడిన రాళ్ళు వాళ్ళే మోసుకుపోవాలి. వాకిట్లో గుట్టలేస్తే రేపు ఎత్తేదెవరు?

ఆవేళ అరుగు మీద ఉన్నవాడు తారకేశ్వరరావు. తోటల్లో కొబ్బరికాయలు ఒలిచే పని అతనిది. అరచేతులు పీచు పట్టి గరుకుదేలి ఉంటాయి, గడ్డం గీసుకుని ఎన్నాళ్ళయిందో. పక్కన కూతురు లక్ష్మీప్రియ, మూడో తరగతి. చేతిలో నీలం రిబ్బను చుట్టిన కొబ్బరీనె.

"అత్తా, దీని సంగతి నువ్వే తేల్చాల," అన్నాడు తారకేశ్వరరావు ఫోను ముందుకు తోస్తూ. "జపానోల బొమ్మలంట. తెలుగులోనే మాటాడతన్నాయి. అయిదుగురు ఆడపిల్లలు. గిర్రున తిరుగుతారు, గౌను మారిపోతాది, సేతిలోకి మంత్రం కర్రొస్తాది. ఇంక మా గుంటకి ఇదే లోకం."

"తిరిగితే తిరగనీరా. నీ కళ్ళు తిరిగిపోతన్నాయేటి?"

"తిరిగితే బాధ నేదత్తా. ఈ ఈనె తిప్పుకుంటా రోడ్డు మీదకి లగెత్తుతంది. అంబులెన్సు కూత ఇనబడితే సాలు, తమ్ముడొచ్చీసినాడని పరుగు. మొన్న కొబ్బరికాయల లారీ కింద పడిపోబోనాది. కర్ర తిప్పితే వాడు బేగి వచ్చీత్తాడంట! నేనిపోని ఆశలెడతన్నాయత్తా ఈ బొమ్మలు. నువ్వొక్క మాట వద్దని సెప్పు. నా మాట ఇనదు, నీ సేట మాట ఇంటాది."

బొడ్డమ్మ పిల్ల వైపు ఓసారి చూసి, గబుక్కున కళ్ళు తిప్పేసుకుంది.

ఎందుకంటే ఆ తమ్ముడు లేడు. నెలలు నిండకుండా టెక్కలి ఆసుపత్రిలో పుట్టాడు. గాజుపెట్టెలో పెట్టారు, అందులోనే పోయాడు. తల్లి భవాని ఇంకా మంచం మీద ఉండగానే, తారకేశ్వరరావు గుడ్డలో చుట్టి ఆటోలో తెచ్చి, సముద్రం దారిలో సరుగుడు తోట పక్క ఇసకలో పెట్టేసి వచ్చాడు. ఇంట్లో అడుగుపెట్టగానే పిల్ల ఎదురొచ్చి "తమ్ముడేడి నానా?" అంది. ఆ మనిషికి నోరు రాలేదు. "గాజుపెట్టిలో ఉన్నాడమ్మా, కాస్త పెద్దయినాక పంపుతారు," అనేశాడు. మర్నాడు చెబుదాం అనుకున్నాడు. మర్నాడు మాత్రం నోరెలా వస్తుంది? ఊరంతా జాలిపడి ఆ మాటే పట్టుకుంది. దుకాణంవాళ్ళూ, బడికి తీసుకెళ్ళే ఆటోవాడూ, ఆఖరికి బొడ్డమ్మ కూడా "వత్తాడమ్మా, వత్తాడు," అన్నవాళ్ళే.

లక్ష్మీప్రియ నమ్మింది. బళ్ళో ఇచ్చే చిక్కీ తినకుండా తమ్ముడికని రేకు డబ్బాలో దాచడం మొదలెట్టింది. వాడికి పళ్ళుండవని ఎవరూ చెప్పలేదు. బడి మానేసి రోడ్డు పక్కన కాపలా కూర్చోవడం కూడా మొదలెట్టింది, తను లేనప్పుడు వచ్చి ఇల్లు తెలీక వెనక్కి వెళ్ళిపోతాడేమోనని.

"సరే, ఎట్టు," అంది బొడ్డమ్మ. చేట ఒళ్ళోకి లాక్కుని గోడకి చేరబడింది. "అమ్మీ, నువ్వలగ దూరంగా కూకో. తేలేదాకా సూడకూడదు."

పిల్ల మెట్టు మీద అటు తిరిగి కూర్చుంది. చూడకపోయినా పాటా మాటలూ వినబడతాయి గదా, పెదాలు కదుపుతూనే ఉంది.

బొమ్మలు మొదలయ్యాయి. పిల్లలు గిర్రున తిరిగారు. గౌన్లు మరీ పొట్టివని కాబోలు, చిటికెడు ఇసక రాలింది. "బట్టకి కరువొచ్చిందేటి ఆ దేశంలో?" అని గొణిగి బొడ్డమ్మ కళ్ళు మూసుకుంది.

"అత్తా, సూడవేటి?"

"నాను సూడక్కర్నేదురా, సేట సూత్తాది. నన్ను కాసేపు వొగ్గియ్."

నిజంగానే గురక పెట్టింది. నల్లటి బూచివాడొకడు ఊరి మీద పడితే నువ్వుగింజంత పడింది. ఓ పిల్ల పెంచుకున్న తెల్ల పక్షి చచ్చిపోయింది. తారకేశ్వరరావు ముందుకు వంగి చేటలోకి చూశాడు, ఇక్కడ పడుతుంది పెద్దది అనుకుని. ఆ బొమ్మలోని పిల్ల కర్ర ఎత్తింది, తిప్పింది, పక్షి లేవలేదు. "కొన్ని తిరిగి రావు," అంది పక్కన ఉన్న పెద్ద పిల్ల. అందరూ కూర్చుని ఏడ్చారు. చేటలో ఏమీ పడలేదు. చిన్న నలుసు కూడా పడలేదు.

తారకేశ్వరరావుకి ఉక్రోషం వచ్చింది. "ఇదేటత్తా! సావు సూపింతే రాయి పడదేటి?"

సరిగ్గా అప్పుడే సిగ్నలు పోయింది. బొమ్మ ఆగిపోయి మధ్యలో తెల్ల చక్రం తిరగసాగింది. పాట ఆగడంతో మెట్టు మీంచి లక్ష్మీప్రియ వెనక్కి తిరిగింది.

"నానా, రేపు ఆదివారం గదా. తమ్ముడ్ని రేపైనా పంపుతారా?"

రోజూ వచ్చే ప్రశ్నే. తారకేశ్వరరావు ఫోను మీంచి తల ఎత్తకుండానే, రోజూ చెప్పేదే చెప్పాడు. "గాజుపెట్టిలో బాగున్నాడమ్మా. వచ్చేవారం పంపుతామన్నాడు డాట్రుబాబు."

ధబ్బుమని చేట కుంగిపోయింది. బొడ్డమ్మ ఉలిక్కిపడి లేచింది. ఒళ్ళో రాయి. రెండు చేతులూ వేస్తే గాని లేవనంత రాయి, సముద్రపు రాయిలా నున్నగా ఉంది. చేట అంచు విరిగిపోయింది.

ఫోనులో చక్రం అలా తిరుగుతూనే ఉంది.

పిల్ల దగ్గరకొచ్చి రాయి చూసింది, ఫోను చూసింది. "బొమ్మ ఆగిపోయుంది గదా మామ్మా? మరిదెక్కడ్నించి పడ్డాది?"

బొడ్డమ్మ కూడా ఆ 'వత్తాడు' అనే మాట ఎన్నిసార్లు అంది! చేట తన ఒళ్ళో లేనప్పుడు అంది గనక బతికిపోయింది, అంతే. ఆవిడకి ఏడుపొచ్చింది, ఏడిచే ఓపిక లేక ఊరుకుంది. చేట తారకేశ్వరరావు వైపు జరిపి, "బాబూ, తెచ్చినోలే మొయ్యాల," అంది మెల్లగా.

అతను మోశాడు. నాలుగిళ్ళ దూరం, మధ్యలో రెండుసార్లు ఆగాడు. పెరటి వెనక జీడి చెట్ల కింద పడేద్దామనుకున్నాడు గాని, పెరట్లోకి దారి నడవలోంచే. అక్కడ భవాని గోడవైపు తిరిగి పడుకుని ఉంది. చనుబాలు ఆరడానికని రొమ్ములకి మల్లెపూలు కట్టుకుని, పిల్ల అడిగే మాటకి జవాబు చెప్పలేక, ఇన్నాళ్ళూ అలాగే పడుకుని ఉంది. తిండి సరిగ్గా లేదు. మొగుడి ఆయాసం విని ఇటు తిరిగింది.

"ఏటది?"

"రాయి. బొడ్డమ్మత్త సేటలో పడ్డాది. బొమ్మలకి కాదే, నా మాటకి పడ్డాది."

భవాని లేచి కూర్చుని చేతులు చాపింది. అతను రాయిని ఆమె ఒళ్ళో పెట్టాడు. ఆమె ఒళ్ళో అది అంత బరువనిపించలేదు; దాని కింద చెయ్యి వేసి, పసిగుడ్డుని ఎత్తినట్టు కాస్త ఎత్తి చూసింది.

"ఇంతేనా ఉన్నాడు?"

"ఇంతే."

"నాకొక్కపాలి ఒళ్ళో ఎట్టనేదు మీరు," అంది భవాని. "సూడనీనేదు. గుంట కాడ నోరిప్పనీనేదు." అలా అని రాయి మీదకి వంగిపోయి ఏడ్చింది. టెక్కలి నుంచి వచ్చాక అదే మొదటి ఏడుపు. తారకేశ్వరరావు ఆమె కాళ్ళ దగ్గరే చతికిలబడిపోయాడు.

గుమ్మంలో పిల్ల నిలబడి ఉంది. భవాని ముఖం తుడుచుకుని దగ్గరికి రమ్మంది.

"అమ్మీ, తమ్ముడు సచ్చిపోనాడు. పెట్టిలోనే పోనాడు. నీకు అబద్ధం సెప్పినాం. ఇంక రాడమ్మా."

లక్ష్మీప్రియ చేతిలో ఈనె వైపు చూసుకుంది. "తెల్ల పిట్టలాగా?" అంది.

"ఆఁ."

"కర్ర తిప్పినా?"

"తిప్పినా రాడు."

"అయితే ఇంక నేను రోడ్డు కాడ కాపలా కాయక్కర్నేదా?"

"అక్కర్నేదు తల్లీ."

పిల్ల బావురుమంది. ఏడ్చి ఏడ్చి, తల్లి ఒళ్ళో రాయి పక్కనే తల పెట్టుకుని అలాగే నిద్రపోయింది. పాపం గుంట ఎంత అలిసిపోయిందో! ఇన్నాళ్ళూ చిన్న చప్పుడైనా లేచి కూర్చునే పిల్ల, పొద్దెక్కేదాకా కదల్లేదు. తెల్లారేసరికి రాయి తరిగి తరిగి జీడిగింజంత అయింది. భవాని దాన్ని కొంగున ముడేసుకుని, లేచి పొయ్యి రాజేసింది.

మర్నాటి సాయంత్రం తల్లీ కూతురూ బొడ్డమ్మ అరుగు మీదకి వచ్చారు, విరిగిన చేటకి బదులు కొత్త చేటతో. చిక్కీల డబ్బా కూడా తెచ్చారు. బొడ్డమ్మ ఒకటి నోట్లో వేసుకుని, మెత్తబడిపోయిందని మొహం చిట్లించి, రెండోది తీసుకుంది.

"మామ్మా, నా బొమ్మలు?" అంది లక్ష్మీప్రియ. "సూడొచ్చా, వద్దా?"

"సూడొచ్చు. పక్కన మీయమ్మ కూకోవాల. నువ్వేదడిగితే అది సెప్పాల."

ఫోను పెట్టారు. పక్షిని పూడ్చిపెట్టే దగ్గర్నుంచి కథ మళ్ళీ మొదలైంది. భవాని కూతురి భుజం మీద చెయ్యి వేసి చూస్తోంది. బొడ్డమ్మ చేట ఒళ్ళో పెట్టుకుని అప్పటికే కునుకుతోంది.

రోడ్డు మీద అంబులెన్సు కూత వినబడింది. భవాని చెయ్యి బిగుసుకుంది. పిల్ల తలెత్తి అటు చూసింది, చిక్కీ నమలడం ఆపింది. కూత దగ్గరై, ఊరు దాటి, పలాస వైపు వెళ్ళిపోయింది.

"ఎవులికో బాగునేదు గావాల," అంది లక్ష్మీప్రియ. మళ్ళీ నమలడం మొదలుపెట్టింది.