రేవు కాసిన రౌతు

కాళ్ళకు మేజోళ్ళైనా తొడగలేదు వీళ్ళు, చలికి ఎలా ఉంటాడో పాపం, అనుకున్నాడు ఎంగెరాన్, శవానికి చలేమిటని వెంటనే తన మీద తనకే చిరాకేసింది, చర్చి నేల మంచుగడ్డలా ఉంది, వరస ఇంకొంచెం ముందుకు జరిగింది, కోటలోని రౌతులంతా ఒక్కొక్కరే బల్ల దగ్గర ఆగి, ఏట్లో శవమై కొట్టుకొచ్చిన అమౌరి ఛాతీ మీద చెయ్యి ఆనించి పక్కకు తప్పుకుంటున్నారు, చంపినవాడు తాకితే గాయం మళ్ళీ నెత్తురు కక్కుతుంది, దొర నమ్ముతాడు, పాదిరి నమ్ముతాడు, తనూ నమ్ముతాడు, అందుకే ఇంత చలిలోనూ అరచేతులు చెమర్చాయి, వెనక ముసలి గిషార్ గొణుగుతున్నాడు, ఒరేయ్ అబ్బాయ్, ఖర్మ కాలి నేను తాకినప్పుడే కారిందనుకో, నన్నే పట్టుకుంటారు, గుర్రం ఎక్కాలంటేనే నన్ను ఇద్దరు ఎత్తాలి, నేనెవణ్ణి చంపుతాన్రా, ఎవరో కిసుక్కుమన్నారు, ఎంగెరాన్ కూడా నవ్వాడు, నవ్వు మామూలుగానే వచ్చింది, అది చూసే భయమేసింది.

కోతల పండగ దాకా ఏటి రేవు కాస్తానని, వచ్చిన ప్రతి రౌతుతోనూ తలపడతానని విందులో అందరి ముందూ మాటిచ్చింది తనే, ఎవరూ అడగలేదు, బల్లలు చరిచి మెచ్చుకుంటారని ఇచ్చాడు, చరిచారు కూడా, మొన్న పొద్దున వచ్చినవాడి డాలు మీద గుర్తు లేదు, ముఖం మీద ఇనుప ముసుగు, పేరడిగితే పలకలేదు, రెండు దెబ్బలకే తను బురదలో ఉన్నాడు, గుండెల మీద వాడి మోకాలు, కళ్ళ దగ్గర బాకు మొన, అప్పుడు ఎవరిదో ఏడుపు వినిపించింది, చంపొద్దు, నీ కాళ్ళు పట్టుకుంటా, గుర్రం తీసుకో, కత్తి తీసుకో, ఎవరా ఏడ్చేది అనుకున్నాడు, తన గొంతే, వాడు ముసుగెత్తాడు, అమౌరి, చిన్నప్పుడు ఒకే రొట్టె విరుచుకుని అన్నదమ్ములమని ఒట్టు పెట్టుకున్న అమౌరి, నేనేరా పిచ్చోడా, ఆట పట్టిద్దామని వచ్చా, లే, ముఖం కడుక్కో, ఎవరికీ చెప్పన్లే, అని భుజం తట్టి, నీళ్ళు తాగడానికి ఏట్లోకి వంగాడు, చెప్పడు, వాడు మాట తప్పడని తనకు తెలుసు, అప్పుడూ తెలుసు, కానీ ఆ తట్టడంలో జాలి ఉంది, ఇక ప్రతి విందులోనూ ఎదుటి బల్ల మీంచి ఆ కళ్ళు తనను చూస్తాయి, ఏమీ అనకుండా ప్రేమగా చూస్తాయి, అది భరించడమెలా, వంగిన మెడ తెల్లగా ఉంది.

చెయ్యి ఆనించాడు, మెడ గాయానికి చుట్టిన గుడ్డ పొడిగానే ఉంది, కారు, కారరా, ఒక్క చుక్క, అని లోపల బతిమాలుకుంటున్నాడు, ఇంతసేపూ దేనికి భయపడ్డాడో దాన్నే అడుక్కుంటున్నాడు, ఏమీ కాలేదు, పాదిరి తలూపి పక్కకు జరగమన్నాడు, ఇంతలో ఎర్మెసింద వచ్చి ఆ చెయ్యి పట్టుకుంది, అన్నా, చల్లబడిపోయావేంటి, రాత్రి ఏమైనా తిన్నావా, అంది అమౌరి పెళ్ళాం, మొగుడి శవం ముందు నిలబడి, నాకొక మాటివ్వు, ఏమిటని అడక్కు, ముందు ఇవ్వు, అంది, ఆడది సభలో అలా అడిగితే కాదనే రౌతు ఈ దేశంలో ఉండడు, అందరూ చూస్తున్నారు, ఇచ్చాను తల్లీ, అన్నాడు, ఆయన్ని చంపినవాణ్ణి నువ్వే చంపాలి, ఎన్నాళ్ళు పట్టినా సరే, వాడెంతటివాడైనా సరే, అంది, నీకంటే ఆయనకెవరున్నారు, అంది, మళ్ళీ బల్లలు చరిచినట్టే గుంపులో మెచ్చుకోలు, గిషార్ కళ్ళు తుడుచుకుంటున్నాడు, ఎంగెరాన్ చెయ్యి కత్తి పిడి మీదకు పోయింది, అక్కడే ఆగింది, ఇప్పుడే, వీళ్ళందరి ముందే, మాట నిలబెట్టుకోవచ్చు, కానీ కడుపులోంచి ఆ ఏడుపే లేస్తోంది, చంపొద్దు, నీ కాళ్ళు పట్టుకుంటా, వేళ్ళు వాటంతటవే పిడి వదిలేశాయి, అప్పుడు తెలిసింది అతనికి, తను ఏడ్చిన సంగతి తెలిసినవాళ్ళు ఆ రేవులో ఇద్దరున్నారు, అమౌరీ తనూ, తను చంపింది మంచివాణ్ణి, మిగిలినవాణ్ణి ఎప్పటికీ చంపలేడు.